మిల్ట్రాయన తాగిండట

పోయిన వారం మనం గట్టయ్యను పట్టాల పక్కన, చేతిలో చుట్టిన ఎర్రజెండాతో, మెడలో ఊదని విజిల్‌తో వదిలేసి వచ్చాం. కాజీపేటకూ హసన్‌పర్తికీ మధ్య లైను వంపు తిరిగే చోట రైల్వే గ్యాంగు మనుషులు వంగి పట్టాల కింద కంకర కూరుతున్నారు. బండి వస్తుంటే దూరం నుంచే పసిగట్టి విజిల్ ఊదడం గట్టయ్య పని. అతను ఊదలేదు. గూడ్సు బండి వంపు దాటి మీదికి వచ్చేసరికి ఎవరికి దొరికిన వైపు వాళ్లు దూకారు. ఇంజను తగిలి ఎగిరిన గడ్డపార వెంకట్రాజం కాలి ఎముకను మోకాలి కింద విరగ్గొట్టింది. అతన్ని నలుగురు కలిసి రైల్వే దవాఖానకు మోసుకుపోతుంటే గట్టయ్య నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాడు.

ఆ సాయంత్రానికే వాడకట్టులో మాట పుట్టింది. మిల్ట్రాయన తాగిండట.

ఎవరు పుట్టించారని మాత్రం అడగొద్దు. గట్టయ్య ఫౌజు నుంచి వచ్చినవాడు. ఫౌజులో రమ్ము పోస్తారని అందరికీ తెలుసు. ఈ రెండూ కలిపితే మిగతా కథ ఎవరైనా అల్లగలరు. అతను కల్లు దుకాణం వైపు పోగా ఎన్నడూ చూడలేదు కదా అని ఒకరిద్దరు అడిగారు. చాటుగా తాగేవాడే ఎక్కువ తాగుతాడని వాళ్ల నోళ్లు మూయించారు. పాపం, నిజం తెలిసినవాడు ఒక్క గట్టయ్యే. అతనేమో నోరు విప్పలేదు.

అతని భార్య చిలుకమ్మ ఆ మాట నమ్మలేదు. భార్య కాబట్టి కాదు, ముక్కున్న మనిషి కాబట్టి. పని నుంచి వచ్చిన గట్టయ్య ఒంటి మీద చెమట, తారు, ఇనుము వాసనలు తప్ప ఇంకో వాసన ఆమె ఎరగదు. అయినా ఆమెకు మొగుడి మీద జాలి పుట్టలేదు. కోపమే వచ్చింది. ఇంత జరిగినా ఇంట్లో ఒక్క ముక్క చెప్పడే! అడిగితే ఒకసారి పలుకుతాడు, ఇంకోసారి గోడలాగా కూర్చుంటాడు.

పెళ్లైన కొత్తలో అతను ఇట్లా ఉండేవాడు కాదు. సెలవు మీద వచ్చాడంటే వర్ధన్నపేట బస్సు దిగింది మొదలు ఇల్లు చేరేదాకా మాట్లాడుతూనే ఉండేవాడు. డెబ్బై ఒకటిలో పాకిస్తాన్‌తో లడాయి అయ్యాక వచ్చిన మనిషి వేరు. చిలుకమ్మ కొంతకాలం చూసింది, కొంతకాలం ఏడ్చింది, తర్వాత తనే ఒక నిర్ణయానికి వచ్చేసింది. దేశం చూసొచ్చినవాడికి పల్లెటూరి పెళ్లాం మాట చెవికెక్కదు, అంతే. ఫౌజు వదిలి రైల్వేలో చేరి కాజీపేటలో కాపురం పెట్టినా ఆమె ఆ నిర్ణయం మార్చుకోలేదు.

మరునాడు గట్టయ్యను పనికి రావద్దన్నారు. అతను వాకిట్లో మోకాళ్ల మీద కూర్చుని ఫౌజు నాటి బూట్లకు నూనెగుడ్డ పట్టిస్తున్నాడు. చిలుకమ్మ కొంచెం అవతల గిన్నెలు తోముతోంది. ఆడపిల్లలిద్దరూ బడికి పోయారు. అప్పుడు కుడివైపు తడక తోసుకుని రాజమల్లు వచ్చాడు.

రాజమల్లు ఆ గ్యాంగుకు మేస్త్రి. ఎవరు గడ్డపార పట్టాలో, ఎవరు జెండా పట్టాలో చెప్పేది అతనే. గ్యాంగులో అందరూ అతన్ని అన్న అంటారు, అతని ముందు బీడీ దాచుకుంటారు.

"తమ్మీ," అని పిలిచాడు రాజమల్లు.

గట్టయ్య తల ఎత్తలేదు.

"తమ్మీ, నిన్నే."

బూటు మీద గుడ్డ తిరుగుతూనే ఉంది. రాజమల్లు ముఖం నల్లబడింది.

"సూసినవా చెల్లె, నీ పెనిమిటి మిల్ట్రీ పొగరు! తప్పు జేసినోడు తలకాయ దించుకోవాలె గని, మనిషొస్తే గిట్ల సూడకుంట కూసుంటడా?"

చిలుకమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది. తను పిలిస్తే గట్టయ్య పలకకపోవడం ఆమెకు పాతదే. కానీ పిలిచింది రాజమల్లు! స్టేషన్లో జెండా ఊపే పోర్టరు ఎదురైనా కాళ్లు దగ్గరికి చేర్చి నిలబడే మనిషి గట్టయ్య. పైవాడు పిలిస్తే పలకకపోవడం అతని ఒంట్లోనే లేదు. పొగరున్నవాడైతే భార్య దగ్గర చూపిస్తాడు, పని చెప్పేవాడి దగ్గర చూపించడు.

రాజమల్లు నీడ బూటు మీద పడింది. గట్టయ్య ఉలిక్కిపడి లేచి నిటారుగా నిలబడ్డాడు. "అన్నా! ఎప్పుడొచ్చినవే? కూసో, కూసో."

ఆ ఉలికిపాటు చిలుకమ్మ కళ్ల ముందే జరిగింది. ఆమె మంచం వాల్చింది. రాజమల్లు కూర్చున్నాడు. కోపం దిగడానికి కొంచెం సేపు పట్టింది కానీ, చెప్పడానికి వచ్చిన మాట చెప్పాడు.

"రేపు పొద్దున లైను ఇన్‌స్పెక్టరు కిషన్ రావు సారు పిలుస్తాండు. నేను ముందే మాట్లాడిన. తాగిన సాబ్ అని ఒప్పుకో, అయిపాయె. ముందటి రోజు చుట్టాల ఇంట్ల కల్లు తాగిన, తల తిరిగిందని చెప్పు. తాగుడు అందరికి తెలిసిన తప్పే. సారుకు సుత మాఫ్ జేసుడు అలవాటే. ఇంక్రిమెంటు ఆపుతరు, గంతే. నౌకరి పోదు."

"తాగలే అంటే?" అన్నది చిలుకమ్మ.

"తాగలే అంటే మరెందుకు ఊదలే అని అడుగుతరు చెల్లె. గప్పుడు ఏం చెప్తడు?" రాజమల్లు గట్టయ్య వైపు తిరిగాడు. "నిన్ను కాపలా పెట్టింది నేను. సరిహద్దు కాసినోడు మా పానాలు కాయలేడా అని నలుగురి ముందట అన్నది నేను. ఇయ్యాల మాట నా మీదికి సుత వస్తది. జర నా మొఖం జూసి ఒప్పుకో."

గట్టయ్య చాలాసేపు అతని పెదాల వైపు చూసి, తల ఊపాడు. రాజమల్లు భుజం తట్టి వెళ్లిపోయాడు.

చిలుకమ్మ తడక వేసి వచ్చింది. గట్టయ్య మళ్లీ బూటు అందుకున్నాడు. ఆమె అతని కుడివైపు నిలబడి, చారులో ఉప్పు తక్కువైందని చెప్పేటంత మామూలు గొంతుతో అన్నది.

"మా అమ్మను నువ్వే సంపినవ్."

గుడ్డ ఆగలేదు.

ఆమె చుట్టూ తిరిగి ఎడమవైపు వచ్చింది. అదే గొంతు, అదే మాట. "మా అమ్మను నువ్వే సంపినవ్."

గట్టయ్య చేతిలోంచి గుడ్డ జారింది. "ఏమన్నవ్?"

"ఆ దిక్కు నిలవడి సుత గిదే అన్న. ఇనపడ్డదా?"

గట్టయ్య ముందు పక్కింటి గోడ వైపు చూశాడు. తర్వాత పెదాల మీద వేలు పెట్టుకుని, మెల్లగా అని సైగ చేశాడు. చిలుకమ్మకు ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది. భర్త చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి తలుపు దగ్గరికేసింది.

లోపల గట్టయ్య గోడకు ఆనుకుని కూర్చుని చెప్పాడు. అన్నేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ముందు తోపు, అంటే ఫిరంగి దగ్గర మొదలుపెట్టాడు.

"బంగాల్ దిక్కు తోపు కాడ గుండు అందిచ్చుడు నా పని. కుడిచెయ్యి తోపు దిక్కు, ఎడమచెయ్యి పెట్టె దిక్కు. పగలు లేదు, రాత్రి లేదు, కాలుస్తనే ఉన్నం. లడాయి అయిపోయినంక సప్పుడు ఆగింది. ఈ కుడి చెవుల మల్ల మొదలే కాలే."

"అక్కడ డాక్టర్లు లేరా?"

"ఉండిరి. చెప్తే ఇంటికి పంపుతరని చెప్పలే. ఇంటికొస్తే ఏమున్నది? ఎకరం చెలక. అది సుత బాయిల నీళ్లుంటేనే."

"మరి రైల్వేల ఎట్ల తీసుకున్నరు? ఒళ్లంత పరీక్ష జేస్తరు గద."

గట్టయ్య నవ్వాడో, మూతి తిప్పుకున్నాడో ఆ చీకటి గదిలో తెలియలేదు. "డాక్టరు సాబ్, లడాయి జూసినవా అని అడిగిండు. జూసిన సాబ్ అన్న. నీకింక పరీక్షేందయ్యా అని చెయ్యి కలిపి పంపిండు."

అదీ సంగతి. మనవాళ్లకు ఫౌజు మనిషంటే ఉన్న గౌరవం చిన్నది కాదు. ఆ గౌరవంతోనే డాక్టరు అతని చెవిలో చూడలేదు. గ్యాంగులో చేరాక పట్టా ఎత్తేటప్పుడు ఒకరు పాట అందుకుంటే మిగతావాళ్లు ఒక్క గొంతుతో బదులు పలికి ఒక్కసారే బలం పెట్టాలి. గట్టయ్య ప్రతిసారీ వెనకబడేవాడు. వేరే ఎవరైనా అయితే రాజమల్లు నాలుగు తిట్లు తిట్టి ఉండేవాడు. మిల్ట్రీ మనిషికి ఈ మొరటు పాటలు ఏం సరిపోతాయిలే అనుకుని, పెద్దమనసుతో పైకి తెచ్చి విజిల్ మెడలో వేశాడు. గ్యాంగంతా సంతోషించింది. అందరిలోకి చెవులు బాగా ఉండాల్సిన చోట అందరూ కలిసి చెవిటివాణ్ని నిలబెట్టారు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి కాబట్టి గట్టయ్య వద్దనలేదు.

"ఇన్నొద్దులు ఎట్ల నడిచింది మరి?"

"బొగ్గింజనుకు పొగొస్తది గద. చెట్ల మీది పొగ జూసి ఊదుతుంటి. నిన్న వచ్చింది డీజిలింజను. పొగ కానరాలే."

"ఎడమ చెవు మంచిగనే ఉన్నది గద. దాని సప్పుడన్న ఇనపడాలె గద."

గట్టయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఈసారి వినపడక కాదు. చిలుకమ్మ అతని గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది.

"అది సుత తగ్గుకుంట వస్తాంది," అన్నాడు. "గాలి ఎదురుంటే ఏం తెలుస్తలేదు."

చిలుకమ్మ అతని ఎడమ పక్కకు జరిగి కూర్చుంది. అప్పుడు ఆమెకు అసలు అడగాల్సింది గుర్తొచ్చింది. "పరాయోళ్లకు చెప్పకపోతివి సరే. నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు గట్టిగ మాట్లాడుతవ్. నువ్వు గట్టిగ మాట్లాడితే గోడ అవతల ఇంటరు. ఆల్లింటే గ్యాంగుకు తెలుస్తది."

అది నిజమేనని చిలుకమ్మకూ తెలుసు. ఆమె గుసగుస కూడా రెండిళ్ల అవతలికి వినపడుతుందని వాడకట్టులో పేరుంది. ఇంత తెలివి ఉన్నవాడు పదిమంది ప్రాణాల విషయంలో ఇంత తెలివితక్కువగా ఎట్లా ఉన్నాడో అనుకుంటే ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది.

"మీ అమ్మ సంగతి ఏంది?" అన్నాడు గట్టయ్య మెల్లగా.

ఆమె చెప్పింది. కాజీపేట వచ్చిన కొత్తలో, పిల్లలు పడుకున్నాక, అతని పక్కన పడుకుని అడిగింది. ములుగు దగ్గర తమ్ముడింట్లో అమ్మకు రెండు పూటలా తిండి దొరకడం లేదు, తెచ్చుకుని మన దగ్గర పెట్టుకుంటానని. అతను మంచి చెవి దిండుకు ఆనించి పడుకున్నాడని ఆమెకు అప్పుడేం తెలుసు? కళ్లు తెరిచే ఉన్నాడు, పలకలేదు. వద్దన్నాడనుకుంది. రెండోసారి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఆ ఏడు వానలు పోకముందే అమ్మ పోయింది.

"నాకు తెల్వదే," అన్నాడు గట్టయ్య. "ఇనపడితే వద్దందునా? నేనే పోయి తోలుకొద్దును గదనే."

అతను ఏడుస్తుంటే చిలుకమ్మ చూడటం అదే మొదలు. ఆమెకూ దుఃఖం ఆగలేదు. ఇన్నేళ్లూ ఆ బాధను మొగుడి మీద కోపంగా మార్చుకుని మోసింది. ఇప్పుడు కోపం పోయింది, బాధ అట్లాగే ఉంది. ఎవరి మీద వేయాలో తెలియక తన కొంగుతో అతని ముఖం తుడిచింది.

ఏడుపైనా కాసేపే. ఇద్దరాడపిల్లలున్న ఇల్లు. చెవి సంగతి బయటపడితే దాచిపెట్టి చేరాడని నౌకరి పీకుతారు, ఈ రైల్వే గది ఖాళీ చేయాలి, ఆ నీళ్లు లేని చెలక దగ్గరికి పోవాలి. చిలుకమ్మ ముక్కు చీది తేల్చి చెప్పింది.

"రేపు తాగిన అనే చెప్పు."

"చెప్తే మల్ల గాడనే నిలవెడుతరు."

"కన్నులు మసకవడ్డయనో, కాళ్లు గుంజుతున్నయనో చెప్పి తర్వాత మెల్లగ తప్పుకో. ముందు నౌకరి నిలవనీ."

గట్టయ్య సరే అన్నాడు. అతనికీ ఇంకో దారి కనిపించలేదు.

దీపాలు పెట్టే వేళకు సారలమ్మ వచ్చింది. కాలు విరిగిన వెంకట్రాజం భార్య. దవాఖాన నుంచి ఖాళీ టిఫిన్ క్యారియరుతో ఇంటికి పోతూ ఆగింది. ఆమెను చూడగానే చిలుకమ్మ కొంగు బిగించింది. తిడితే పడాలనే అనుకుంది. సారలమ్మ తిట్టలేదు, అరుగు మీద కూలబడి చెమట తుడుచుకుంది.

"కట్టు గట్టిన్రక్కా. నొప్పికి మూలుగుతాండు గని, మీ ఆయన మీద కోపం లేదంటాండు. తాగినోడు ఇయ్యాల తాగిండు, రేపు తాగడు. మిల్ట్రీ గట్టన్న అసొంటి కాపలా మనిషి మల్ల దొరకడు. కాలు అతుక్కున్నంక ఆయన విజిల్ మీదనే పనికి పోత అంటాండు. నాకొక్కటే ఫికరు అక్కా. ఇంక తాగడని నువ్వు ఒట్టు వెట్టు. పోశమ్మ మీద పెట్టు."

చెయ్యి చాపింది. ఇంత సులువైన ఒట్టు కాజీపేటలో ఎవరూ పెట్టి ఉండరు. ఇన్నేళ్లలో చుక్క ముట్టనివాడు ఇక ముందూ ముట్టడు. చిలుకమ్మ ఆ చేతిలో చెయ్యి వేసి పోశమ్మ మీద ఒట్టు పెట్టింది. సారలమ్మ తేలికపడి, క్యారియరు ఊపుకుంటూ ఇంటికి పోయింది. చిలుకమ్మకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. తిట్టినా బాగుండేది అనుకుంది.

పొద్దున్నే గట్టయ్య తోమిన బూట్లు తొడుక్కుని బయలుదేరాడు. నువ్వెందుకని అతను అంటున్నా చిలుకమ్మ వెంట నడిచింది. లైను ఇన్‌స్పెక్టరు కిషన్ రావు ఆఫీసు స్టేషను అవతల, యార్డుకు ఆనుకుని ఉంది. ఆమె గుమ్మం బయట గోడ నీడకు నిలబడింది. తలుపు తెరిచే ఉంది.

కిషన్ రావు హనుమకొండ మనిషి. చదువుకున్నవాడు, మెత్తటివాడు, కింది వాళ్లను తిట్టాల్సి వస్తే ముందు తనే ఇబ్బంది పడేవాడు. గట్టయ్య బల్ల ముందు నిటారుగా నిలబడ్డాడు. ఎడమ పక్కన రాజమల్లు.

"తాగినవా గట్టయ్యా?" కిషన్ రావు అతని ముఖం చూస్తూ అడిగాడు.

"తాగిన సాబ్."

రాజమల్లు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. బయట చిలుకమ్మ కూడా. కిషన్ రావు కాసేపు కోప్పడ్డాడు. దేశానికి సేవ చేసినవాడివి, నీవే ఇట్లా చేస్తే ఎట్లా అన్నాడు. గట్టయ్య తల దించుకున్నాడు. అక్కడితో అయిపోయిందనే అనుకున్నారు అందరూ.

కిషన్ రావు కుర్చీలోంచి లేచాడు. గట్టయ్య కుడి పక్క నుంచి నడిచి కిటికీ దగ్గర నిలబడి, యార్డులో అటూ ఇటూ తిరుగుతున్న ఇంజనును చూస్తూ మాట్లాడాడు.

"సరే, ఇంక్రిమెంటు కోతతో వదిలేస్తున్నా. ఇంకో సంగతి. వచ్చే వారం వాగు మీది బ్రిడ్జి పని మొదలైతది. రెండు గ్యాంగులు బ్రిడ్జి మీదనే ఉండాలె. అక్కడ దూకుదామన్నా జాగా ఉండదు. కాపలాకు నమ్మకమైన మనిషి కావాలె. నేనైతే గట్టయ్యనే పెడుతున్నా. ఒకసారి దెబ్బ చూసినవాడు ఇంక ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేస్తడు. ఏమంటవ్ గట్టయ్యా? అందరి పానాలు నీ మీద పెట్టుకుంటవా?"

గట్టయ్య ఖాళీ కుర్చీ వైపే చూస్తూ నిలబడ్డాడు. యార్డులో ఇంజను ఆవిరి వదిలింది. జవాబు రాకపోయేసరికి రాజమల్లు మోచేత్తో పొడిచాడు. సారు ఏదో అడిగినట్టున్నాడని గట్టయ్యకు అర్థమైంది. మడమలు దగ్గరికి చేర్చాడు.

"జీ సాబ్!"

"శాబాష్," అన్నాడు కిషన్ రావు. రాజమల్లు ముఖం వెలిగిపోయింది. మొన్న పోయిందనుకున్న గౌరవం ఇద్దరికీ ఒక్కసారే తిరిగి వచ్చింది.

చిలుకమ్మకు బ్రిడ్జి కనిపించింది. దాని మీద వంగి పనిచేసే మనుషులు కనిపించారు. కట్టు విప్పుకుని వచ్చి వాళ్లలో నిలబడబోయే వెంకట్రాజం కనిపించాడు. ఎకరం చెలక కూడా కనిపించింది, బడి నుంచి వచ్చే పిల్లలూ కనిపించారు. వాటిని చూసి ఆమె కాళ్లు ఒకసారి వెనక్కి పోయాయి. తర్వాత గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు కిషన్ రావు.

రాజమల్లు గాభరాపడ్డాడు. "గట్టయ్య ఇంటామె సార్. చెల్లె, నువ్వు బయటికి పో. అంత మంచిగనే అయింది."

చిలుకమ్మ అతని వైపు చూడలేదు. రెండు చేతులూ జోడించింది. గొంతు ఎంత తగ్గించుకుందామనుకున్నా ఆమె మాట యార్డు దాకా వినపడింది.

"మీకు దండం బెడుత సారూ. ఆయన్ను ఆడ నిలవెట్టే ముందు ఒక్కటి అడుగుండ్రి. ఇప్పుడు ఆయన దేనికి జీ అన్నడో, ఆయన్నే అడుగుండ్రి."

గట్టయ్య భార్య వైపు తిరిగి, వద్దని కళ్లతోనే బతిమాలాడు. కిషన్ రావు కిటికీ వదిలి వచ్చి, అతనికి ఎదురుగా నిలబడ్డాడు.

"చెప్పు గట్టయ్యా. నేనేమడిగిన?"